కొండ స్టేజ్‌లో అటాక్ చేయడం ఎలా: ఎక్కడ లేవాలి, ఎప్పుడు లేవాలి, లేచాక ఏం చేయాలి

టీవీలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేస్ చూసేవాళ్ళకి అటాక్ అంటే ఆ పదిహేను సెకన్లే. ఒకడు సీట్లోంచి లేచి పెడల్స్ మీద పడతాడు, కామెంటేటర్ అరుస్తాడు, గ్యాప్ వచ్చేస్తుంది, అయిపోయింది అనుకుంటాం. కానీ ప్రో రేసుల్లో నిజంగా రేస్‌ని తిప్పేసిన అటాక్‌లు చూస్తే ఆ లేవడానికి ముందు మూడు నాలుగు గంటల పని కనిపిస్తుంది, లేచాక ఇంకో గంట పని ఉంటుంది. ఇంకోటి, ఎదుటివాడి కాళ్ళు విరగ్గొట్టడం కన్నా వెనక మిగిలిన గ్రూప్‌లో "నువ్వు లాగు, కాదు నువ్వే లాగు" అనే తగువు (ముందుండి గాలికి ఎదురు తొక్కడమే లాగడం) పెట్టడమే ఎక్కువసార్లు పనిచేస్తుంది. నాకు ఈ ఆటలో నచ్చేదే అది. మీరు ఒక టీమ్ లీడర్, మొత్తం టైమ్ లెక్కలో మూడో ప్లేస్‌లో ఉన్నారు, రేపటి కొండ స్టేజ్‌లో (స్టేజ్ అంటే ఒక రోజు రేస్) పైవాళ్ళ మీద టైమ్ సంపాదించాలి, అలా అనుకుని చదవండి.

ముందు రోజు రాత్రి రూట్ చూసేటప్పుడు కొండ ఎంత పొడుగు, సగటు వాలు ఎంత శాతం అని చూసి వదిలేయకండి, సగటుని నమ్ముకుంటే మోసపోతారు. సగటు 7 శాతం అని రాసున్న కొండలో మధ్యలో రెండు కిలోమీటర్లు దాదాపు చదునుగా ఉండి ఆ తర్వాత 11 శాతం గోడ రావచ్చు. మీకు కావాల్సింది ఆ గోడ మొదలయ్యే చోటు. 5 శాతం వాలులో ప్రోలు గంటకి 25 కి.మీ. పైనే ఎక్కేస్తారు, ఆ స్పీడ్‌లో మీ వెనక చక్రం పట్టుకున్నవాడికి గాలి తక్కువ తగులుతుంది కాబట్టి హాయిగా కూర్చుని వచ్చేస్తాడు. అదే 10 శాతం దగ్గర స్పీడ్ 18 చుట్టూ పడిపోతుంది, డ్రాఫ్ట్ లాభం (ముందువాడి వెనక గాలి తప్పించుకోవడం) బాగా తగ్గిపోతుంది, ఎవడి బరువు వాడు మోసుకోవాల్సిందే. గాలి కూడా చూసుకోండి. ఎదురుగాలి ఉన్న కొండ మీద ఒంటరిగా పోవడం అంటే వెనకున్నవాళ్ళకి ఉచితంగా పని చేసిపెట్టడమే. హెయిర్‌పిన్ మలుపులున్న రోడ్డయితే ప్రతి మలుపుకీ గాలి దిశ మారుతుంది, ఏ మలుపు తర్వాత వెనకగాలి వస్తుందో పొద్దున్నే టీమ్ కార్ వాళ్ళతో మాట్లాడుకుని పెట్టుకోవాలి.

ఎత్తు సంగతి వేరు. 2000 మీటర్లు దాటాక అందే ఆక్సిజన్ తగ్గి అందరి వాట్లూ (తొక్కే పవర్) పడిపోతాయి, కానీ అందరికీ ఒకేలా పడవు, అక్కడే తేడా దొరుకుతుంది. 2023 టూర్‌లో కోల్ డి లా లోజ్ మీద, దాని ఎత్తు 2304 మీటర్లు, పొగాచార్ వెనకపడటం మొదలయ్యాక ఆ ఒక్క స్టేజ్‌లోనే తన పోటీదారుడు వింగెగార్డ్‌కి 5 నిమిషాల 45 సెకన్లు ఇచ్చేశాడు. ఎత్తు మీద బలం తగ్గిపోయేవాడు మీ పోటీదారుడైతే కింద మీ అటాక్ వృథా చేసుకోకండి, ఆగండి.

ఇక అసలు పని, లేవడానికి ముందు పని. ఫ్రెష్‌గా ఉన్నవాడి మీద అటాక్ చేస్తే వాడిని మీ వెనక కూర్చోబెట్టుకుని పైకి మోసుకెళ్ళినట్టే. 2024 టూర్‌లో ప్లాటో డి బెయి స్టేజ్ ఇలాగే జరిగింది, వింగెగార్డ్ టీమ్ రోజంతా ముందు లాగింది, జోర్గెన్‌సన్ ఆఖరి మనిషిగా లాగి పక్కకి తప్పుకున్నాడు, ఇంకా 10 కి.మీ. పైన ఉండగా వింగెగార్డ్ లేచాడు. లేవడం బ్రహ్మాండంగా లేచాడు, కానీ పొగాచార్ చక్రం వదల్లేదు, ఐదారు కిలోమీటర్లు వెనకే వచ్చి, అప్పుడు తను లేచి 1 నిమిషం 8 సెకన్ల తేడాతో గెలిచాడు. టీమ్ చేసిన పని అంతా ఎవరికి ఉపయోగపడిందో చూడండి.

దీనికి ఉల్టా 2022లో కోల్ డు గ్రానోన్ స్టేజ్. నా లెక్కలో అటాక్ ఎలా చేయాలో నేర్చుకోవడానికి ఈ పదేళ్ళలో దానికి మించిన స్టేజ్ లేదు. అప్పటికి పొగాచార్ ఎల్లో జెర్సీలో (మొత్తం టైమ్‌లో మొదటివాడు వేసుకునేది) ఉన్నాడు, వింగెగార్డ్ 39 సెకన్లు వెనక. యుంబో టీమ్‌కి వింగెగార్డ్, రోగ్లిచ్ ఇద్దరు లీడర్లు. ఆఖరి కొండ దాకా ఆగకుండా ముందున్న గలిబియే కొండ వైపే మొదలెట్టారు, ఒకడు లేస్తాడు, పొగాచార్ పట్టుకుంటాడు, పట్టుకున్న మరుక్షణం రెండోవాడు లేస్తాడు, మళ్ళీ పట్టుకుంటాడు, మళ్ళీ మొదటివాడు. ఇందులో ఏ ఒక్క అటాక్‌తోనూ వాళ్ళు గెలవాలనుకోలేదు, ఒక్కో దూకుడుకి పొగాచార్ ఒక్కో పెద్ద ఖర్చు పెట్టాలి, వీళ్ళు మాత్రం చెరో వంతు చేసుకుంటారు. తమాషా ఏంటంటే ఆ రోజు గలిబియే పైన పొగాచార్ చాలా బాగున్నట్టే కనిపించాడు, తనే ఎదురు అటాక్ కూడా చేశాడు. బిల్లు ఆఖరి కొండ మీద వచ్చింది, గ్రానోన్‌లో ఇంకో 5 కి.మీ. లోపు ఉందనగా వింగెగార్డ్ ఒక్కసారి లేచాడు, ఇటు పొగాచార్ జెర్సీ జిప్ పూర్తిగా తెరుచుకుని, భుజాలు ఊగుతూ, దారిలో వెళ్ళేవాళ్ళందరికీ దారిచ్చాడు. ఫినిష్ లైన్ దగ్గర తేడా 2 నిమిషాల 51 సెకన్లు. సూత్రం ఇదే, మీకు ఇద్దరుంటే ఒక్కడినే అలసగొట్టండి, అతని టీమ్ అతన్ని ఒంటరిగా వదిలేసే చోట చేయండి, ఫలితం వెంటనే కనిపించలేదని కంగారుపడకండి.

ఒంటరి చేయడం గురించి ఇంకో మాట. 2016 వుయెల్తాలో (స్పెయిన్ రేస్) ఫార్మిగల్ స్టేజ్ 120 కి.మీ. లోపే, అంత చిన్న స్టేజ్‌లో ఎవడు మొదట్లోనే కొడతాడు అనుకుంటారు కదా, కాంటడోర్, క్వింటానా స్టార్ట్ అయిన కొన్ని కిలోమీటర్లకే కొట్టేశారు. వాళ్ళ పోటీదారుడు ఫ్రూమ్ వెనక ఇరుక్కున్నాడు, టీమ్‌మేట్స్ చెల్లాచెదురయ్యారు, సాయంత్రానికి రెండున్నర నిమిషాలకి పైగా పోయింది. చిన్న స్టేజ్ అంటే సేఫ్ అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

సరే, లేచే క్షణం. కొత్తగా చూసేవాళ్ళు అడిగేది, స్పీడ్ తగ్గినప్పుడు లేవాలా, స్పీడ్ ఎక్కువున్నప్పుడు లేవాలా అని. స్పీడ్ తగ్గి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నప్పుడు లేస్తే అందరికీ ఊపిరి అందింది కాబట్టి అందరూ పట్టుకుంటారు. ఆ టైమ్ 12వ ప్లేస్‌లో ఉన్నవాడికి మంచిది, వాడు పోయినా ఎవరూ పట్టించుకోరు. మీలాంటి మూడో ప్లేస్ మనిషికి మాత్రం మీ డొమెస్టిక్ (మీ కోసం పనిచేసే టీమ్‌మేట్) బరువులో కిలోకి 6 వాట్ల చుట్టూ లాగుతూ గ్రూప్‌ని ఆరేడుగురికి తెచ్చిన ఆ ఘడియే సరైనది, అప్పుడు అందరూ అంచున ఉంటారు, ఇంకో 20 వాట్లు అంటే ఎవడో ఒకడు తెగిపోతాడు. 2025లో ఓటకమ్ కొండ మీద పొగాచార్ చేసింది అదే, కొండ మొదట్లోనే నార్వాయెజ్ పిచ్చి స్పీడ్‌లో లాగిచ్చాడు, ఇంకా 12 కి.మీ. ఉండగా పొగాచార్ వెళ్ళిపోయాడు, వింగెగార్డ్ మీద 2 నిమిషాల 10 సెకన్లు.

లేచేటప్పుడు గ్రూప్ ముందు ఉండకండి, ముందున్నవాడు లేస్తే అందరి కళ్ళూ వాడి మీదే ఉంటాయి. నాలుగో ఐదో చక్రం మీద ఉండండి, మీ ముందున్నవాడికి ఒక బైక్ అంత దూరం వదలండి, గేర్ ఒకటి ముందే బరువు చేసుకోండి (దూకాక ఫోర్స్ మీద గేర్ మార్చబోతే చైన్ తడబడితే అంతే సంగతులు), ఆ వదిలిన దూరంలో వాళ్ళ నీడలోనే స్పీడ్ పెంచుకుని పక్క నుంచి బయటికి రండి. పోటీదారుడు రోడ్డు కుడి అంచున ఉంటే మీరు ఎడమ అంచు నుంచి పోవాలి, రోడ్డు వెడల్పు అంతా దాటి మీ చక్రం దగ్గరికి రావడానికి వాడికి ఒకట్రెండు సెకన్లు పోతాయి, ఆ రెండు సెకన్లే మీ గ్యాప్. వాడు బాటిల్ నోట్లో పెట్టుకున్నప్పుడు, జెల్ చింపుతున్నప్పుడు, రేడియోలో ఏదో వింటూ తల వంచినప్పుడు, ఇలాంటివి కాచుకుని ఉండండి. కొంతమందికి ఇది అన్యాయంలా అనిపిస్తుంది, కానీ చైన్ పడిపోయినవాడి మీద, కిందపడినవాడి మీద లేవడం వేరు, నీళ్ళు తాగుతున్నవాడి మీద లేవడం వేరు.

హెయిర్‌పిన్ దగ్గర లేస్తే లోపలి అంచున దూరం తక్కువ, కానీ వాలు నిట్టనిలువు, బయటి అంచు కాస్త పొడుగైనా చదును. మలుపులోకి బయటి నుంచి వెళ్ళి స్పీడ్ కాపాడుకుని, బయటపడేటప్పుడు దూకడం మేలు. అక్కడ ఇంకో లాభం, తర్వాతి మలుపు దాటగానే మీరు కళ్ళకి కనపడరు, కనపడనివాడిని తరమడం చాలా కష్టం.

దూకడం వరకు పది ఇరవై సెకన్లు, అది ఎవడైనా చేస్తాడు. దాని తర్వాతి రెండు నిమిషాల్లోనే ఎక్కువ అటాక్‌లు చచ్చిపోతాయి. దూకాక వెంటనే ఊపిరి తీసుకోవడానికి తగ్గిపోతే వెనకవాళ్ళు నింపాదిగా వచ్చేస్తారు, అలా అని ఆ పిచ్చి ఊపులోనే ఉంటే మూడో నిమిషంలో మీరే పేలిపోతారు. కాబట్టి దూకి, గ్యాప్ తెచ్చుకుని, కూర్చుని, మీరు ఆ కొండ పైదాకా పట్టుకోగల గరిష్ఠ టెంపో (ఒకే పట్టున సాగే వేగం) కన్నా కొంచెం పైన ఒకటి రెండు నిమిషాలు ఉండి, ఆ తర్వాత దానికి దిగండి. తరచుగా వెనక్కి తిరిగి చూడకండి, చూస్తే మీరు భయపడుతున్నారని వెనకవాళ్ళకి చెప్పినట్టే. గ్యాప్ ఎంతో రేడియో చెప్తుంది.

ఇప్పుడు వెనక ఏం జరుగుతోందో చూద్దాం, ఎందుకంటే ఆట అక్కడికి మారిపోయింది. 2018 జీరోలో (ఇటలీ రేస్) ఫ్రూమ్ కోల్ డెల్లె ఫినెస్ట్రే మీద, లైన్ ఇంకా 80 కి.మీ. ఉండగా వెళ్ళిపోయాడు, అందరూ పిచ్చి అన్నారు. వెనక డుమొలాన్, పినో, కారపాజ్, లోపెజ్, లెక్క ప్రకారం నలుగురు కలిసి లాగితే ఒక్కడిని పట్టేయాలి. కానీ కారపాజ్, లోపెజ్ ఇద్దరికీ యువ రైడర్ల తెల్ల జెర్సీ గొడవ, వాళ్ళు లాగరు. డుమొలాన్, పినో కలిసి పినో టీమ్‌మేట్ రైకెన్‌బాక్ వస్తే సాయంగా ఉంటాడని దిగుడులో ఆగారు, అతను నిదానంగా దిగాడు. ఎవరికి వారే యమునా తీరే. ఫ్రూమ్ మూడు నిమిషాల తేడాతో గెలిచి జీరో లీడర్ వేసుకునే పింక్ జెర్సీ ఎత్తుకుపోయాడు. కాళ్ళ బలం లేదని కాదు, కానీ అటాక్ చేసే ముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది, నేను పోతే వెనక ఎవరెవరు మిగులుతారు, వాళ్ళలో నన్ను పట్టుకోవడం ఎవడికి అవసరం, ఎవడికి అక్కర్లేదు? స్టేజ్ మాత్రమే కావాల్సినవాడు, ఐదో ప్లేస్ కాపాడుకునేవాడు, తెల్ల జెర్సీ వాడు, వీళ్ళు వెనక ఎంతమంది ఉంటే మీకు అంత మంచిది. లీడర్ ఇంకొక్కడితోనే మిగిలితే తగువు ఉండదు, అతను నోరు మూసుకుని లాగుతాడు.

ఉండదు అన్నాను గానీ ఇద్దరి మధ్య కూడా వస్తుంది. 2025 జీరో, మళ్ళీ అదే ఫినెస్ట్రే, 18.5 కి.మీ., పైన దాదాపు 8 కి.మీ. మట్టి రోడ్డు. డెల్ టోరో పింక్‌లో, కారపాజ్ 43 సెకన్లు వెనక, సైమన్ యేట్స్ 1 నిమిషం 21 సెకన్లు వెనక. కొండ మొదట్లోనే కారపాజ్ కొట్టాడు, డెల్ టోరో పట్టాడు, వాళ్ళిద్దరి లోకంలో వాళ్ళున్నారు. యేట్స్ వెనక నుంచి తన టెంపోలో వచ్చి కలిసి, రెండు మూడుసార్లు కదిలి, చివరికి వెళ్ళిపోయాడు. ఇక చూడండి, కారపాజ్ అంటాడు పింక్ నీది నువ్వు లాగు, డెల్ టోరో అనుకుంటాడు లాగితే చివర్లో నువ్వు నా మీద లేస్తావు. కొండ పైన 2 నిమిషాల లోపే ఉన్న గ్యాప్ సెస్ట్రియెరే లైన్ దగ్గరికి 5 నిమిషాలు దాటింది. ఎక్కేటప్పుడు తెచ్చుకున్న దానికన్నా దిగాక తెచ్చుకున్నదే ఎక్కువ. ఈ కొండ ఉన్న స్టేజ్‌లోనే 2018లో యేట్స్ పింక్ జెర్సీతో కుప్పకూలి 38 నిమిషాలకి పైగా పోగొట్టుకున్నాడు, ఏడేళ్ళకి అదే మట్టి మీద జీరో గెలిచాడు.

ఆ 5 నిమిషాల్లో సగం క్రెడిట్ వాన్ ఆర్ట్‌ది. యేట్స్ టీమ్‌మేట్ అయిన అతను పొద్దున్నే బ్రేక్‌అవేలో (అందరికన్నా ముందే విడిపోయే చిన్న గ్రూప్) వెళ్ళాడు, ఫినెస్ట్రే ముందే దాటేశాడు, దాటి యేట్స్ కోసం ఆగాడు, లోయలో బరువైన బలమైన మనిషి ముందు కూర్చుని లాగితే 60 కిలోల కొండ మనిషికి స్వర్గం. దీన్నే శాటిలైట్ రైడర్ అంటారు. 2011 టూర్‌లో ఆండీ ష్లెక్ ఇజోవార్ మీద దాదాపు 60 కి.మీ. ముందు లేచినప్పుడు కూడా పోస్టుమా, మోన్‌ఫోర్ బ్రేక్‌లో ముందే ఉన్నారు, అతన్ని లోయలో గలిబియే దాకా తీసుకెళ్ళారు. శాటిలైట్ పెట్టేటప్పుడు మూడు సంగతులు మర్చిపోకండి. ఒకటి, అతను బ్రేక్‌లో తన వంతు కన్నా ఎక్కువ లాగకూడదు, దొరికినంత దాచుకోవాలి. రెండు, కొండ ఎక్కడంలో సాయం చేయడానికి కాదు, చదునులో సాయానికి, కాబట్టి మీరు లేచే కొండని అతను మీకన్నా ముందే దాటేయాలి. మూడు, బ్రేక్‌కి ఎంత గ్యాప్ ఇస్తున్నారో టీమ్ కార్ లెక్క వేయాలి, బ్రేక్ పది నిమిషాలు ముందుంటే అతను రోడ్డు పక్కన నిలబడి చలికి వణకాలి, నిమిషం ముందే ఉంటే కొండ మధ్యలోనే దొరికిపోయి మీతో పైకి ఎక్కలేక మిగిలిపోతాడు. లోయలో మనిషి లేకపోతే, ఆ లోయ పది కిలోమీటర్లు దాటితే, ముందు కొండ మీద లేవకండి, అంతే.

కొండ పైన కాకుండా దిగుడులో లైన్ ఉన్న స్టేజ్‌లకి లెక్క మారుతుంది. అక్కడ పైకి 800, 900 మీటర్లు ఉండగా లేవాలి, తెచ్చుకున్న పది సెకన్లని దిగుడు పెంచుతుంది. 2024 టూర్‌లో గలిబియే మీద పొగాచార్ ఇలాగే చివరి కిలోమీటర్‌లో లేచి, వల్వార్‌లో లైన్ దగ్గరికి మిగతావాళ్ళ కన్నా 35 సెకన్ల ముందు దిగాడు. 2016 టూర్‌లో ఫ్రూమ్ అయితే పేరెసూర్డ్ కొండ పైన అందరూ బాటిల్ గురించి ఆలోచిస్తుంటే దిగుడులో లేచాడు, ఫ్రేమ్ పైగొట్టం మీద కూర్చుని పెడల్ తొక్కుతూ 13 సెకన్లు, దాని మీద స్టేజ్ బోనస్ 10 సెకన్లు. ఆ కూర్చోవడం ఇప్పుడు కుదరదు, 2021 ఏప్రిల్ నుంచి సైకిల్ రేసుల ప్రపంచ సంస్థ యూసీఐ నిషేధించింది.

తిండి గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ దూరం అటాక్‌లలో సగం అదే. ఇప్పటి ప్రోలు గంటకి 90 నుంచి 120 గ్రాముల కార్బ్స్ తీసుకుంటారు, లేచాక ఊపిరే అందదు, నమలడం ఎక్కడ, కాబట్టి కొండ మొదలవ్వడానికి ఇరవై నిమిషాల ముందే తినేయండి, జెల్‌లు జేబులో చేతికి అందేలా పెట్టుకోండి. ఫ్రూమ్ 80 కి.మీ. రోజున టీమ్ స్టాఫ్‌ని దారి పొడుగునా బాటిల్స్‌తో నిలబెట్టారు, దేనికంటే కార్ రావడానికి వీలు లేనప్పుడు కూడా అతను ఎండిపోకూడదని, పైగా రెండు నిండు బాటిల్స్ బరువు మోసుకుని ఎక్కక్కర్లేదని.

ఆఖరి కొండ దాకా ఆగుదాం అనుకునేవాళ్ళకి ఒకటే చెప్తా, 2019 టూర్. బెర్నాల్ ఇజెరాన్ మీద, 2770 మీటర్ల కొండ, ఆఖరి కొండ ఇంకా ఉండగానే లేచాడు. దిగుడులో వడగళ్ళు, దారికి అడ్డంగా కొండచరియ, స్టేజ్ అక్కడే ఆపేసి ఇజెరాన్ పైన టైమ్‌లే లెక్కలోకి తీసుకున్నారు. ఎల్లో జెర్సీ బెర్నాల్‌కి. టీన్యే అనే ఆఖరి కొండ కోసం దాచుకున్నవాళ్ళ కాళ్ళు దాచుకున్నట్టే మిగిలిపోయాయి.

మీ మీద ఎవరైనా లేస్తే, అదీ రాసేస్తా. ప్రతిదానికీ ఎగిరి పట్టుకోకండి, గ్యాప్ 15 మీటర్లు వస్తే రానివ్వండి, మీ టెంపో పెంచి ఒక నిమిషంలో మూయండి. 2011లో ఆ గలిబియే రోజున ఎవాన్స్ వెనక అందరూ కూర్చుంటే గొణగకుండా ఒక్కడే లాగాడు, 4 నిమిషాల గ్యాప్ లైన్ దగ్గరికి 2 నిమిషాల 15 సెకన్లకి తగ్గింది, రెండ్రోజుల తర్వాత టైమ్ ట్రయల్‌లో టూర్ గెలిచాడు. లాగడం ఇష్టం లేకపోతే అప్పుడే తేల్చేయండి, సగం లాగి సగం వదలడం అన్నిటికన్నా చెత్త పని.

లేచి రెండు మూడు నిమిషాలైనా గ్యాప్ పది సెకన్ల లోపే ఉండి, వెనక ఇద్దరు ముగ్గురు వంతులేసుకుని లాగుతున్నారని రేడియో చెప్తే, ఇంకా పొడుగు కొండ ముందుంటే, ఆపేయండి. కూర్చుని, రెండు గుక్కలు తాగి, గ్రూప్ వచ్చేటప్పుడు ఆఖరి చక్రం దాకా జారిపోకుండా రెండో మూడో చక్రం పట్టుకోండి. లైన్ దగ్గర మొదటి ముగ్గురికి 10, 6, 4 సెకన్ల బోనస్ ఉంది కదా, స్ప్రింట్ మీకుంటే దాని కోసం కూర్చోండి, లేదంటే వాలు మళ్ళీ 9 శాతం దాటే చోట మీ టీమ్‌మేట్‌ని లేపి మీరు చక్రాల మీద విశ్రాంతి తీసుకోండి.